కొత్త షాక్ వేసినా ఆగని శబ్దం: 2008 ఆల్టో వెనక సస్పెన్షన్ కేసు

బండి 2008 మోడల్ మారుతి ఆల్టో ఎల్‌ఎక్స్‌ఐ. మీటరు 80 వేల కిలోమీటర్లు దాటింది. యజమాని రిటైరైన హైస్కూలు మాస్టారు, ఉప్పాడ వైపు తీరం వెంబడి ఉన్న ఊరు ఆయనది. పదిహేనేళ్లు నిండాయి కాబట్టి ఆర్‌సీ రెన్యువల్‌కి ఫిట్‌నెస్ చూపించాలి. ఆలోపు వెనక చక్రాల దగ్గర శబ్దం సంగతి తేల్చమని కాకినాడలో మా షెడ్డుకి తీసుకొచ్చారు.

అంతకు కొన్ని నెలల ముందు వేరే చోట ఎడమ వైపు వెనక షాక్ (బండి ఊపుని అణిచే షాక్ అబ్జార్బరు) ఒక్కటే మార్పించారట. "కొత్తది వేశారు బాబూ, టకటక మాత్రం పోలేదు" అన్నారు మాస్టారు. పక్కనే ఉన్న అమ్మగారి ఫిర్యాదు వేరు. "ముందు కూచునే ఈయనకేం తెలుస్తుంది? వెనక సీట్లో కూచుంటే పడవెక్కినట్టు ఉంటుంది. ఉప్పాడ రోడ్డు ఎక్కితే చాలు, కడుపులో తిప్పేస్తుంది."

ఈ రెండు మాటలూ నేను వేర్వేరుగా రాసుకున్నాను. శబ్దం ఒక జబ్బు, ఊపు ఇంకో జబ్బు. వెనక షాక్‌ల పనిలో చాలా షెడ్లలో జరిగేదేమిటంటే, శబ్దం గురించి చెబితే షాక్ మారుస్తారు, శబ్దం పోకపోతే ఇంకో షాక్ మారుస్తారు. శబ్దం ఎక్కువగా పుట్టేది షాక్‌ని బండికి పట్టి ఉంచే రబ్బరులో. ఊపు వచ్చేది షాక్ లోపల ఆయిలు, వాల్వులు పని చేయనప్పుడు. రెండింటికీ వేర్వేరు పరీక్షలున్నాయి. ఈ కేసు రాయడానికి కారణం కూడా ఆ తేడాయే.

షాక్ బరువు మొయ్యదన్న సంగతి ముందు చెప్పాలి. బండి బరువు మోసేది స్ప్రింగు. గుంతలో పడ్డ చక్రం పైకి లేచినప్పుడు స్ప్రింగు నొక్కుకుంటుంది, తర్వాత సాగుతుంది, మళ్లీ నొక్కుకుంటుంది. దాన్ని అలా వదిలేస్తే చాలాసేపు ఊగుతూనే ఉంటుంది. షాక్ లోపల పిస్టన్‌కి ఉన్న సన్నటి దారుల గుండా ఆయిలు బలవంతంగా పోవాల్సి వస్తుంది, ఆ ఒరిపిడిలో ఊపు శక్తి వేడిగా మారిపోతుంది. మామూలు కార్ల షాక్‌లు నొక్కేటప్పటి కంటే సాగేటప్పుడు ఎక్కువ అడ్డుకుంటాయి. షాక్ బరువు మొయ్యదు కాబట్టే "వెనక కుంగింది, షాక్‌లు పోయాయి" అని బండి తెచ్చేవాళ్లకి నేను మొదట స్ప్రింగులే చూపిస్తాను. కుంగడం స్ప్రింగు సంగతి, కుదురు లేకపోవడం షాక్ సంగతి.

ఈ ఆల్టోకి వెనక ఇరుసు రెండు చక్రాలనీ కలిపే ఒకే గట్టి ఇరుసు. రెండు ట్రైలింగ్ ఆర్మ్‌లు దాన్ని ముందుకీ వెనక్కీ పోకుండా పట్టుకుంటాయి, అడ్డంగా ఉండే లేటరల్ రాడ్ పక్కలకి జరగనివ్వదు. కాయిల్ స్ప్రింగులు విడి, షాక్‌లు విడి. ముందు చక్రాల స్ట్రట్‌లో లాగా స్ప్రింగు షాక్ చుట్టూ బిగించి ఉండదు. కాబట్టి స్ప్రింగుని నొక్కి పట్టే స్ప్రింగ్ కంప్రెసర్ అవసరం లేదు, పని పెద్ద కష్టమూ కాదు. తేలిక కాబట్టే దీన్ని అశ్రద్ధగా చేసేవాళ్లు ఎక్కువ.

పరీక్ష

మొదట డిక్కీ ఖాళీ చేయించాను. స్టెప్నీ, జాకీ, రాడ్డు, ఒక నీళ్ల క్యాను, కొబ్బరికాయల సంచి అన్నీ దింపేశాం. జాకీ క్లిప్పు వదులై డిక్కీలో కొట్టుకునే శబ్దానికి షాక్‌లు మార్పించుకున్నవాళ్లు ఉన్నారు, అందుకని ఈ మెట్టు నేనెప్పుడూ దాటను. ఖాళీ డిక్కీతో మాస్టారిని పక్కన కూచోబెట్టుకుని ఒక రౌండు వేశాం. చిన్న చిన్న గరుకుల మీద కుడి వెనక నుంచీ ఎడమ వెనక నుంచీ కూడా పొడిగా, పదునుగా "టక్" వినబడుతోంది. తిరిగొచ్చి ఇద్దరు కుర్రాళ్లని వెనక సీట్లో కూచోబెట్టి స్పీడ్ బ్రేకరు ఎక్కిస్తే ఈసారి లోతైన "దబ్".

పదునైన టక్ అంటే ఎక్కడో ఇనుము ఇనుముకి తగులుతోంది, మధ్యలో ఉండాల్సిన రబ్బరు లేదు. బరువు ఉన్నప్పుడు మాత్రమే వచ్చే దబ్ అంటే సస్పెన్షన్ చివరిదాకా నొక్కుకుపోయి బంప్ స్టాపరు అనే రబ్బరు దిమ్మకి కొట్టుకుంటోంది. అదే ఎగుడుదిగుడు మీద ఒక్క చక్రమే ఎక్కి దిగినప్పుడో, రైలు పట్టాలని ఏటవాలుగా దాటినప్పుడో వస్తే లేటరల్ రాడ్ చివర్లలో ఉండే రబ్బరు బుష్‌లని అనుమానించాలి. బండి నేల మీదే ఉంచి, ఒకరు పక్క నుంచి అటూ ఇటూ ఊపుతుంటే కిందికి దూరి రాడ్డు రెండు చివరలూ చూశాను. ఈ బండిలో అవి బాగున్నాయి.

తర్వాత అందరూ చేసే పరీక్ష, వెనక మూల మీద చేతులు వేసి నొక్కి వదలడం. బండి ఒకసారి లేచి దాదాపు కుదురుకుంది. దీన్నే నమ్మితే షాక్‌లు బాగున్నాయని రాసేయొచ్చు. కానీ గట్టి ఇరుసున్న బండిలో ఒక మూల నొక్కితే రెండో వైపు షాక్ కూడా ఎంతో కొంత పని చేస్తుంది. ఎడమ వైపున్న కొత్త షాక్ కుడి వైపు చచ్చినదాన్ని దాచిపెడుతోందని నా అనుమానం. పైగా చేత్తో నొక్కినప్పుడు వచ్చే కదలిక నెమ్మదైనది. రోడ్డు మీద గుంత కొట్టే వేగం ముందు అది ఎంత? పూర్తిగా పోయిన జతనే ఈ పరీక్ష పట్టిస్తుంది, సగం పోయినవి తప్పించుకుంటాయి.

అరచేతితో చూసే పరీక్ష మీద నాకు ఎక్కువ నమ్మకం. వెనక టైర్ల మీద చేతిని నిదానంగా చుట్టూ పోనిచ్చాను. 145/80 ఆర్12 టైర్లు, కుడి టైరు మీద జానెడు జానెడు దూరంలో ఎత్తూ పల్లమూ తగులుతున్నాయి. కంటికి ఆనవు గానీ వేళ్లకి స్పష్టంగా తెలుస్తాయి. షాక్ పట్టు తప్పితే చక్రం రోడ్డుని ఒకే ఒత్తిడితో అంటిపెట్టుకోదు, లేచి లేచి పడుతుంది. పడ్డచోట అరుగుతుంది. బ్రేకు వేసినప్పుడు కూడా సంగతి ఇదే: గాల్లో ఉన్న క్షణంలో ఆ చక్రానికి పట్టు ఉండదు. అమ్మగారి కడుపు తిప్పడం కంటే నన్ను కంగారు పెట్టింది ఈ అరుగుదల. మాస్టారికి తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు. షాక్ ఒక్కరోజులో పోదు, ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా సత్తువ తగ్గుతుంది, రోజూ నడిపేవారు దానికి తగ్గట్టు అలవాటు పడిపోతారు.

కిందికి దూరి చూస్తే కుడి షాక్ పై నుంచి కింది దాకా ఆయిలు కారి, దాని మీద దుమ్ము పేరుకుని నల్లటి జిగురు కట్టింది. షాక్ పై భాగంలో కాస్త చెమ్మ ఉంటే భయపడక్కర్లేదు, షాక్‌లోని పిస్టన్ రాడ్డు లోపలికీ బయటికీ తిరిగేటప్పుడు సన్నటి ఆయిలు పొర రావడం మామూలే. చారలు కట్టి కిందికి దిగితే మాత్రం ఆయిలుని లోపల ఆపే సీలు పోయినట్టు. బంప్ స్టాపర్లు రెండూ వేళ్ల మధ్య నలిపితే పొడి రాలాయి.

చివరగా డిక్కీలో పక్క ట్రిమ్ తీసి, షాక్ పై నట్టు కనబడేలా చేసి, కుర్రాడిని బండి ఊపమన్నాను. నా వేలు నట్టు మీద ఉంది. ప్రతి ఊపుకీ "టిక్" అని వేలికి తగిలింది. కుడివైపు తగిలింది, కొత్త షాక్ వేసిన ఎడమవైపూ తగిలింది. మాస్టారి చేతిని కూడా పట్టుకుని అక్కడ పెట్టించాను. అప్పుడు ఆయనకి అర్థమైంది, శబ్దం ఎందుకు పోలేదో. ఎడమ వైపు షాక్ కొత్తదే, పై రబ్బరు బుష్‌లు మాత్రం పదిహేనేళ్ల పాతవే. రాయిలా గట్టిపడి, అంచులు పగిలి ఉన్నాయి. వదులు పోవాలని నట్టుని ఇంకా బిగించారు, దాంతో రబ్బరు పూర్తిగా చితికిపోయింది.

ఎడమది కూడా ఎందుకు?

మాస్టారి ప్రశ్న న్యాయమైనది. "కుడిది పోయింది, సరే. మొన్న వేయించినదాన్ని మళ్లీ ఎందుకు మార్చాలి బాబూ?"

షాక్‌లు ఇరుసుకి జతగా వేయాలన్నది నా నియమం. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే రెండు చక్రాలు రెండు రకాలుగా కుదురుకుంటాయి, గుంతల వంపులో వెనక భాగం పక్కకి జరిగినట్టు అనిపిస్తుంది. అయినా కొన్ని నెలల షాక్ నిజంగా బాగుంటే అదే కంపెనీ, అదే పార్టు నంబరు తెచ్చి కుడివైపు వేసి ఆయన డబ్బు మిగిల్చేవాణ్ని. ఇక్కడ అలా కుదరలేదు. ఎడమ షాక్ దుమ్ము తొడుగు జరిపి రాడ్డు మీద టార్చి వేశాను. మెరుస్తున్న క్రోమ్ మీద పళ్ల గాట్లు వరసగా ఉన్నాయి. పై నట్టు బిగించేటప్పుడు రాడ్డు తిరిగిపోకుండా దాన్ని ప్లయర్‌తో పట్టుకున్నారన్నమాట. మాస్టారు గోరు పెట్టి గీసి చూశారు, గోరు ఆగింది. ఆ గాటు పైకీ కిందికీ పోయిన ప్రతిసారీ సీలు పెదవిని కోస్తుంది. అప్పటికే ఆయిలు చెమ్మ దాటి చారగా దిగుతోంది.

రాడ్డు కొసన పట్టుకోవడానికి చదునైన అంచులు ఇస్తారు. అక్కడ చిన్న పానా వేసి పట్టుకుని, రింగు పానాతో నట్టు తిప్పాలి. కాస్త ఓపిక కావాలి, అంతే. ఎయిర్ గన్ కూడా ఆ నట్టు మీద పెట్టకూడదు. కొత్త షాక్‌ని మొదటి రోజే చంపేసే పనులు ఇవే, వీటికి వారంటీ కూడా రాదు.

ఆయన ఇంకో మాట అడిగారు, వెనక కాస్త ఎత్తుగా ఉండేలా స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు బఫర్లు వేయమని. వద్దన్నాను. చక్రం మధ్య నుంచి పైన ఆర్చ్ (చక్రం మీది బాడీ వంపు) అంచు దాకా రెండు వైపులా కొలిచాను, కొలతల్లో తేడా లేదు, స్ప్రింగు చుట్లలో పగులు లేదు. బఫరు ఉన్న చోట చుట్లు పని చేయవు, ఆ భారం మిగతా చుట్ల మీద పడుతుంది, నడక గట్టిపడుతుంది. తేలిక బండికి గట్టి షాక్‌లు, బఫర్లు పెడితే అమ్మగారి నడుముకే దెబ్బ.

తెప్పించిన సామాను: షాక్‌ల జత, పై రబ్బరు బుష్‌లు, వాషర్లు, కొత్త నట్లు, బంప్ స్టాపర్లు, కింది బోల్టులు. షాక్‌ల జత పక్కన రబ్బరు సామాను ఖరీదు ఎంతో ఉండదు, కానీ అది లేకుండా ఈ పని సగమే. ఆల్టో పేరుతో 2010లో కే10, 2012లో ఆల్టో 800 వచ్చాయి. దుకాణంలో "ఆల్టోవి ఇవ్వండి" అంటే ఏది చేతికొస్తుందో చెప్పలేం. ఛాసిస్ నంబరు చెప్పి పార్టు నంబరు సరిచూసుకున్నాకే పాతవి ఊడదీయాలి.

పని

ముందురోజు సాయంత్రమే కింది బోల్టుల దారాలు వైరు బ్రష్‌తో రుద్ది పెనెట్రేటింగ్ ఆయిల్ పట్టించాం. ఎడమది మొన్ననే విప్పారు కాబట్టి బెంగ లేదు. కుడిది సముద్రపు గాలికి తుప్పుపట్టి, బుష్ లోపలి ఇనప గొట్టానికి కరుచుకుపోయింది. ఇలాంటిచోట గ్యాస్ మంట పెట్టే అలవాటు కొందరికి ఉంది. పక్కనే బ్రేకు హోస్ ఉంటుంది, పెట్రోలు ట్యాంకు దగ్గర్లోనే ఉంటుంది, షాక్ లోపల ఒత్తిడితో నింపిన గ్యాస్ ఉంటుంది. మంట పెట్టనివ్వను. తెల్లవారాక మళ్లీ ఆయిలు పోసి, ముందు కొంచెం బిగించే వైపు కదిలించి, తర్వాత విప్పే వైపు, మళ్లీ వెనక్కి, ఇలా పోగా పోగా వదిలింది. ఒకే వైపు బలమంతా పెట్టి ఉంటే బోల్టు తెగిపోయేది.

జాకీ సంగతి జాగ్రత్తగా చెప్పాలి. ఈ బండిలో హ్యాండ్ బ్రేకు పట్టేది వెనక చక్రాలనే. వెనక భాగం పైకి లేపాక హ్యాండ్ బ్రేకు ఉన్నా లేనట్టే. ఫ్రంట్ వీల్ డ్రైవ్, అంటే ఇంజను తిప్పేది ముందు చక్రాలని, కాబట్టి బండిని గేరులో వదిలి, ముందు చక్రాలకి రెండు వైపులా చెక్క దిమ్మలు పెట్టాం. బాడీ కింద స్టాండ్లు వేశాకే చక్రాలు విప్పాం. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరకండి.

ఇరుసు కింద ఇంకో జాకీ ఆనించాం. ఇరుసు మరీ కిందికి జారకుండా ఆపేది షాక్‌లే. రెండూ ఒకేసారి విప్పేస్తే ఇరుసు వేలాడిపోతుంది, స్ప్రింగు సీటు లోంచి జారొచ్చు, బ్రేకు హోస్ మీద బరువు పడుతుంది. అందుకే ఒక వైపు పూర్తిగా బిగించాకే రెండో వైపు ముట్టుకుంటాను. బుష్‌లు, వాషర్లు ఏ వరసలో, ఎటు తిరిగి ఉన్నాయో విప్పేముందు ఫోటో తీసుకున్నాం. ఎడమవైపు ముందు పని సరిగ్గా జరగలేదు కాబట్టి అక్కడి వరసని నమ్మకుండా కుడివైపు ఫోటోనీ, కొత్త సామానుతో వచ్చిన బొమ్మనీ చూసి వేశాం.

కుడి షాక్ బయటికి వచ్చాక చేత్తో లాగి చూశాను. సగం దూరం ఏ అడ్డూ లేకుండా జారింది, తర్వాత కాస్త పట్టుకుంది, మళ్లీ వదిలేసింది. లోపల ఆయిలుతో పాటు గాలి కలిసిన గుడగుడ. మూల నొక్కిన పరీక్షలో తప్పించుకున్నది చేతిలోకి వచ్చేసరికి దొరికిపోయింది.

షాక్ తీసేశాక ఆ చోటు ఖాళీగా ఉంటుంది, తీరప్రాంతపు బండిలో ఆ సమయాన్ని వృథా చేయకూడదు. పై నట్టు కూచునే రేకుని కింద నుంచి స్క్రూడ్రైవరు మొనతో గుచ్చి గుచ్చి చూశాను. పైపొర తుప్పే ఉంది, రేకు గట్టిగా ఉంది. గీకి, కడిగి, ఆరాక జింక్ ప్రైమరు పూశాం. మొన దిగబడి ఉంటే షాక్‌ల పని అక్కడికి ఆపి బండిని ముందు వెల్డింగుకి పంపేవాణ్ని. కుళ్లిన రేకుకి కొత్త షాక్ బిగిస్తే ఏదో ఒక గుంతలో రేకుని చీల్చుకుని పైకి వస్తుంది.

కొత్త షాక్‌లు డబ్బాలో, దుకాణంలో పడుకోబెట్టి ఉంటాయి. రెండు గొట్టాల రకంలో అలా పడుకుని ఉంటే గ్యాస్ పని చేసే గొట్టంలోకి చేరుతుంది. అందుకని బిగించేముందు నిలబెట్టి, రాడ్డు పైకి ఉండేలా పట్టుకుని, నాలుగైదు సార్లు పూర్తిగా నొక్కి పూర్తిగా లాగాలి. మొదటి ఒకటి రెండు సార్లు మధ్యలో ఖాళీ తగులుతుంది, తర్వాత మొత్తం దూరం ఒకే బిగువుతో నడుస్తుంది. ఈ పని చేయకపోతే మొదటి కొన్ని కిలోమీటర్లు కొత్త షాకే టకటకమంటుంది, యజమాని కంగారు పడి తిరిగొస్తాడు.

కింది బోల్టు నున్నటి భాగానికి, అంటే బుష్ గొట్టంలో కూచునే చోట, తుప్పు పట్టకుండా పల్చగా గ్రీజు పూశాం. దారాలకి పూయలేదు. దారాల మీద గ్రీజు ఉంటే టార్క్ రెంచి (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) చూపే బిగువు ఒకటి, నిజంగా పడే బిగువు ఒకటి అవుతుంది.

అన్నిటికంటే ఎక్కువమంది వదిలేసే మెట్టు ఇప్పుడు వస్తుంది. షాక్ కింది కన్నులోని (బోల్టు దూరే రింగులోని) రబ్బరు బుష్ బయట వైపూ లోపల వైపూ ఇనుముకి అతుక్కుని ఉంటుంది. షాక్ కదిలినప్పుడు రబ్బరు మెలి తిరుగుతుంది, జారదు. ఇరుసు వేలాడుతున్నప్పుడే బోల్టు బిగించేస్తే ఆ స్థితే బుష్‌కి సహజస్థితి అయిపోతుంది. బండి నేల మీదికి దిగగానే బుష్ మెలి పడిపోతుంది, పార్కింగులో ఉన్నా అదే మెలిలో ఉంటుంది, గుంతలో ఇంకా తిరుగుతుంది. త్వరగా చిరిగిపోతుంది. అందుకే మొదట కొలిచిన ఆర్చ్ కొలత పలక మీద రాసిపెట్టుకున్నాం. ఇరుసు కింద జాకీని అదే కొలత వచ్చేదాకా లేపి, అప్పుడు కింది బోల్టులని సర్వీస్ మాన్యువల్ చెప్పిన టార్క్‌కి బిగించాం. పై నట్టు కూడా రబ్బరు చితికేదాకా కాదు, మాన్యువల్ చెప్పినంతే.

వీల్ అలైన్‌మెంట్ చేయించాలా అని మాస్టారు అడిగారు. ఈ బండిలో వెనక షాక్ మారిస్తే చక్రం కోణం ఏదీ మారదు, ఇరుసు ఎక్కడిది అక్కడే ఉంటుంది. ముందు స్ట్రట్‌లు విప్పినప్పుడు చేయించాలి, దీనికి అక్కర్లేదు. ఆ ఖర్చు ఆయనకి తప్పించాను.

ఫలితం

అదే రోడ్డు, అదే స్పీడ్ బ్రేకరు, వెనక అదే ఇద్దరు కుర్రాళ్లు. టక్ పోయింది, దబ్ పోయింది. బ్రేకరు దిగాక వెనక భాగం ఒక్కసారి లేచి కుదురుకుంది. బ్రేకు గట్టిగా వేస్తే వెనక భాగం పైకి లేవడం కూడా తగ్గింది. అమ్మగారిని వెనక కూచోబెట్టే బండి అప్పగించాను. ఇంటికి చేరాక ఆవిడే ఫోను చేసి, దారంతా కళ్లు మూసుకోకుండా కూచున్నానని చెప్పారు.

ఒక శబ్దం మాత్రం మిగిలింది, కాస్త వేగం అందుకున్నాక వెనక నుంచి సన్నటి హోరు. అరిగిన కుడి టైరుది అది. షాక్ మార్చినంత మాత్రాన ఎత్తుపల్లాలు పూడవని ముందే చెప్పి, బిల్లు మీద కూడా రాశాను. చెప్పకపోతే ఆ హోరు కొత్త షాక్‌ల ఖాతాలో పడుతుంది. టైర్ల పక్కనున్న నాలుగంకెల తేదీ కూడా చూపించాను, మొదటి రెండంకెలు వారం, చివరి రెండు సంవత్సరం. టైర్లు కూడా ముసలివే. ఫిట్‌నెస్‌కి ముందు వెనక రెండూ మారుస్తానన్నారు.

కొన్ని వారాల తర్వాత మళ్లీ రమ్మన్నాను. పై నట్ల బిగువు చూశాం, కొత్త రబ్బరు సర్దుకున్నా వదులు రాలేదు. రాడ్లు పొడిగా ఉన్నాయి. కింద కట్టిన ఉప్పు తెట్టు మంచినీళ్లతో కడిగించి, వానాకాలం ముందొకసారి, తర్వాతొకసారి అలా కడిగించుకోమని చెప్పాను. ముందు స్ట్రట్‌లు కూడా అదే వయసువి, చుట్టూ చెమ్మ మొదలైంది కానీ చార ఇంకా దిగలేదు. ఆర్‌సీ పని అయ్యాక వాటిని పై మౌంటు రబ్బరుతో, బేరింగుతో సహా మార్చడానికి మాట అనుకున్నాం. పాత వెనక షాక్‌లు రెండూ మా దగ్గరే ఉంచుకున్నాను. పాత ఇనుము కొనే అతనికి ఇచ్చేటప్పుడు వాటిని విడిగా చూపించి, లోపల ఒత్తిడితో ఉన్న గ్యాసూ ఆయిలూ ఉన్నాయి, గ్యాస్ కట్టరు పెట్టొద్దు, మంటలో వెయ్యొద్దు అని చెప్పి మరీ ఇచ్చాను.